పెద్దనాయనను పట్టుకున్న డెన్మార్క్ కుర్చీ

మా వైపు సంసారాలు కూలడానికి పేకాట ఉంది, పంచాయతీ ఎన్నికలు ఉన్నాయి, వెయ్యి అడుగులు తవ్వినా తడి తగలని బోరుబావులు ఉన్నాయి. ఇన్ని రాజమార్గాలు ఉండగా నేను మాత్రం మా ఇంటిని ఒక్క కుర్చీతో కూల్చబోయాను. అదీ మామూలు కుర్చీ కాదు, డెన్మార్క్ కుర్చీ. అప్పుడే నవ్వకండి, నా తెలివితక్కువతనం మీకు ఇంకా పూర్తిగా పరిచయం కాలేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బెంగళూరులో ఇళ్ల లోపలి అలంకరణ చేసే ఒక ఆఫీసులో రెండేళ్లు పనిచేసి, బేతంచెర్లలో మా నాయన నడిపే బండల పాలిష్ ఫ్యాక్టరీ చూసుకోవడానికి తిరిగొచ్చాను. రెండేళ్లలో నేను సంపాదించిన విద్య ఒక్కటే: స్కాండినేవియా పాత ఫర్నిచర్. పోయిన శతాబ్దం మధ్యలో డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ దేశాల్లో చేసిన కుర్చీలు, బల్లలు, దీపాలు. వాటి గురించి వినేవాళ్లు దొరికితే కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. దొరక్కపోతే వెతుక్కుంటూ వెళ్లి చెప్పేవాణ్ణి. మా ఫ్యాక్టరీలో బండలు కోసేవాళ్లు నన్ను చూడగానే మిషను ఆన్ చేసేవాళ్లంటే నా ప్రతిభ మీరే ఊహించుకోండి.

ఏం చెప్పేవాణ్ణో కాస్త మీరూ భరించండి. ఆ దేశాల్లో చలికాలం పొద్దు పొడిచినట్టే పొడిచి మునిగిపోతుందట. నెలల తరబడి జనం ఇంట్లోనే బతకాలి. అందుకని ఇల్లు వెలుతురుగా, సామాను తేలిగ్గా ఉండాలని వాళ్ల తపన. పెద్ద యుద్ధం అయిపోయాక ఇళ్లు చిన్నవి, జేబులు ఇంకా చిన్నవి. రాజులకు చేసే చెక్కుడు సింహాసనాలు పక్కన పెట్టి, మామూలు సంసారి కోసం కుర్చీ చేయాలనుకున్నారు. బొమ్మ గీసేవాడు, వడ్రంగి పక్కపక్కన కూర్చుని మనిషి వీపెంత, తొడెంత, చెయ్యి ఎక్కడ వాలుతుంది అని కొలిచారు. మేకు కనబడకుండా చెక్కలో చెక్క దిగ్గొట్టారు. సన్నని కాళ్లు, వంపు తిరిగిన చేతులు, పురి పెట్టిన కాగితపు తాడుతో అల్లిన సీటు. నిజం చెప్పాలంటే అందమైన పనే. ఆ చేతి మీద చెయ్యి వేస్తే ఎవరో పలకరించినట్టు ఉంటుంది. తప్పు కుర్చీది కాదు, దాన్ని బేతంచెర్లకు తెచ్చిన వాడిది. ఎండ ఇంట్లోకి వస్తుందని గోనెపట్టాలు కట్టుకునే ఊరికి, ఎండ కోసం ఏడ్చేవాళ్ల సామాను తెచ్చాను.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. నాకు మాత్రం పరాయి దేశాల పాత వింత, మా ఇంటి పాత రోత. మా ఇంట్లో నాలుగు టేకు కుర్చీలు ఉండేవి. నాయనకు చిన్ననాటి స్నేహితుడైన మస్తాన్ సాబ్ అనే వడ్రంగి చేసినవి. నిటారు వీపు, మందపాటి చేతులు, నాలుగూ ఒకే ఎత్తు. నేను వాటిని "ఆత్మ లేని చెక్కలు" అని తీర్మానించి ఫ్యాక్టరీ షెడ్డులోకి తోయించాను. పనివాళ్లు వాటి మీద తడి తువాళ్లు ఆరేసుకున్నారు.

బెంగళూరులో పాత సామాను అమ్మే అంగడిలో నేను ఎప్పుడో కన్నేసి ఉంచినవి తెప్పించాను. ఒక పెద్ద వాలుకుర్చీ, రెండు భోజనపు కుర్చీలు, చూరు నుంచి వేలాడదీసే ఒక దీపం. మా బండలు దించి ఖాళీగా తిరిగొస్తున్న లారీలో వేయించాను. లారీ మా ఆవరణలోకి వెనక్కి వస్తుంటే దారి చూపించేవాణ్ణి నేనే. నా కళ్లు మాత్రం వాలుకుర్చీ కాళ్ల మీద ఉన్నాయి.

"మెల్లగా రానీ అన్నా, కాళ్లు జాగ్రత్త! అవి డెన్మార్క్ కాళ్లు!" అని అరుస్తున్నాను.

"కాళ్ల సంగతి సరేప్పా, ఎనక జాగా ఉండాదా?" అన్నాడు డ్రైవరు.

"ఉండాది, రా!"

ధడాల్ ధడాల్‌మని ఏడు బండలు పడిపోయాయి. అవి మా పెద్దనాయన తన భూమికి కంచెగా నిలబెట్టుకున్నవి.

ఇక్కడ మా పెద్దనాయన గురించి చెప్పాలి. నాయనకు సొంత అన్న, ఓబులరెడ్డి. డెబ్భై ఏళ్లు, భారీ మనిషి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. పంపకాల్లో ఫ్యాక్టరీ నాయనకు, దాని ముందున్న భూమి, ఊరి బయట బండల గని ఆయనకు వచ్చాయి. మా లారీలు రోడ్డెక్కాలంటే ఆయన భూమిలోంచే పోవాలి. అన్నదమ్ములకు పన్నెండేళ్లుగా మాటల్లేవు. అయినా దారి జోలికి ఆయన ఎప్పుడూ పోలేదు. నా డెన్మార్క్ కాళ్లు వచ్చిన మరునాడు పొద్దున చూస్తే, దారికి అడ్డంగా ఎద్దులంత బండరాళ్లు దొర్లించి ఉన్నాయి.

లారీలు లోపలివి లోపల, బయటివి బయట. ఇరవై మంది పనివాళ్లు షెడ్డులో కూర్చుని నా వైపే చూస్తున్నారు. అమ్మ అయితే నోటితోనే చెప్పింది.

"పుల్లల కాళ్ల కుర్చీ తెచ్చి ఫ్యాక్టరీ కాళ్లు ఇరగ్గొట్టినావు గదరా! ఇంక దాని ముందర కూచోని భజన చేసుకో, పో!"

పదిహేను రోజులు గడిచాక మస్తాన్ సాబ్ రంగంలోకి దిగాడు. అన్నదమ్ములిద్దరూ ఆయన మాట వింటారు. శుక్రవారం నమాజు అయ్యాక పెద్దనాయనను మా ఇంటికి తీసుకొస్తానన్నాడు. ఆ మాట చెప్పడానికి వచ్చి, మా నడింట్లో వాలుకుర్చీని చూసి, బోర్లించి, కీళ్లన్నీ తడిమాడు.

"పనోడు మంచోడేప్పా. చెక్క టేకే గదా?"

"టేకే సాబ్. ఆ రోజుల్లో వాళ్లకు టేకు ఆసియా నుంచే పోయేది."

"ఓహో. మన పక్క టేకు ఆడికి పోయి, సన్నబడి ఇంటికొచ్చిండాదన్నమాట. దానికి అన్నం పెట్టినట్టు లేరు." కుర్చీని తిప్పి నిలబెట్టి నా ముఖంలోకి చూశాడు. "ఒకమాట చెప్తా, గెట్టిగా యాదిపెట్టుకో. అన్నకు తమ్మునికి ఒకే ఎత్తు కుర్చీలు ఎయ్యాల. నేను చేసిన కుర్చీలు తెచ్చి ఎయ్యి, సరిపోతాది."

దీని వెనక మర్మం మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. పంచాయితీకి కూర్చున్న ఇద్దరి ఎత్తూ సమానంగా ఉండాలి. ఒకరు మంచం మీద కూర్చుంటే రెండోవారికీ మంచమే. ఒకరు కుర్చీ, ఒకరు చాప అయితే ఇంక మాటలు అక్కర్లేదు, ఎవరి దారి వారిదే. ఎత్తు ముందు చూసి, తర్వాత న్యాయం చూస్తారు. ఇంత మోటు లెక్కలు నా సున్నితమైన బుర్రకు నచ్చలేదు. పెద్దవాడికి పెద్ద గౌరవం చేయాలంటే ఇంట్లో అన్నిటికన్నా గొప్ప కుర్చీ వేయాలి కదా! తువాళ్లు ఆరేసిన కుర్చీ వేస్తామా? పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నేను ఆ రోకలికి పాలిష్ కూడా పెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దనాయన వచ్చాడు. పన్నెండేళ్ల తర్వాత ఆ గడప తొక్కాడు. నాయన లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా గోడలు చూస్తున్నారు. నేనొక్కణ్ణే పెళ్లిపెద్దలా ముందుకొచ్చాను.

"నువ్వు ఈడ కూచో పెద్దనాయనా! ఇట్లాంటి కుర్చీ జిల్లాలోనే లేదు!"

మస్తాన్ సాబ్ కళ్లతో వద్దన్నాడు. ఆలస్యమైపోయింది. పెద్దనాయన కూర్చోవడం మొదలుపెట్టాడు. కిందికి పోతున్నాడు, పోతున్నాడు, సీటు ఇంకా రాలేదు. చివరికి ఎక్కడో నేల దగ్గర ఆగాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి, వీపు వెనక్కి వాలింది, ముఖం చూరు వైపు తిరిగింది. ఎదురుగా భోజనపు కుర్చీలో నాయన నిటారుగా, కలెక్టరులా కూర్చున్నాడు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నేను తీసిన గోతిలో మా పెద్దనాయన పడ్డాడు.

అది చాలదన్నట్టు ఇద్దరి మధ్య చూరు నుంచి వేలాడుతున్న నా దీపం.

"నా తమ్ముడు శేషుగాడు యాడుండాడు?" అన్నాడు పెద్దనాయన. ఆయనకు దీపం కిందుగా నాయన మోకాళ్లే కనబడుతున్నాయి.

"ఈడనే ఉండాన్నా," అన్నాయి మోకాళ్లు.

నేను నోరు మూసుకోవచ్చు. మూసుకోలేదు. "ఆ దీపం అట్లనే కిందికి వేలాడాల పెద్దనాయనా. వెలుతురు సూటిగా కంటికి తగలకుండా లెక్కలు కట్టి చేసినారు."

"కంటికి ఎలుతురు తగలకుంటే సరే. తమ్ముడు గూడా తగలకూడదా?"

అప్పుడు ఆయనకు వెలిగింది. పైకి చూశాడు, కిందికి చూశాడు, తన మోకాళ్లు చూసుకున్నాడు. ముఖం ఎర్రబడింది.

"అర్థమైనాదిలే! పిలిచి పిలిచి, అన్నను గుంతలో కూచోబెట్టి, తమ్ముడు గట్టు మీద కూచుంటాడా? ఊరంతా చెప్పుకోని నవ్వాలనా? పద మస్తానూ, ఈ ఇంట్లో నీళ్లు గూడా ముట్టను. పోతాండా!"

ఇంక దారి లేదు, లారీలు లేవు, ఇరవై మందికి పని లేదు. అంతా నావల్లే.

పోతాండా అన్న మనిషి పోలేదు. కుర్చీ చేతులు పట్టుకుని ఒక ఊపు ఊగాడు. లేవలేదు. మేమంతా చూస్తున్నామని గమనించి, తానే ఆగినట్టు గొంతు సవరించుకున్నాడు.

"పోయేముందర ఒకమాట చెప్పి పోతా. నా కంచె పడగొట్టి, తప్పయిందని ఒక్కడన్నా వచ్చినాడా?"

"తప్పేన్నా. రావాల్సింది," అన్నాడు నాయన.

"ఆ! సరే, పోతాండా!" రెండో ఊపు. కాగితపు తాళ్లు కిర్రుమన్నాయి, మనిషి ఇంకో రెండంగుళాలు లోపలికి దిగాడు. "ఇంకోమాట! పంపకాల నాడు నువ్వు మొగం తిప్పుకోని పోయినావు. నేను మర్చిపోలేదు."

"నువ్వే మాట్లాడవేమోనని భయపడినాన్నా."

మూడో ఊపు ఊగాడు. ఈసారి ఊపులో బలం లేదు, గొంతులో కూడా లేదు. చూరు వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"అమ్మ సమాధికి బండ ఏసినావు. మన మిషన్లోనే పాలిష్ పట్టినావు. పెద్దకొడుకును నేను బతికే ఉండా గదరా శేషూ. ఒక చెయ్యి నన్ను ఎయ్యనియ్యకూడదా?"

పన్నెండేళ్ల కోపం అడుగున ఉన్నది అదే, మా నాయనమ్మ సమాధి బండ. మా అమ్మ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన లేచి, ఆ దీపాన్ని చేత్తో పక్కకు నెట్టి, వచ్చి అన్న కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. మా బేతంచెర్ల బండ మీదే. చిత్రం ఏమిటంటే, నాయన నేల మీద కూర్చున్నాకే ఇద్దరి ముఖాలూ ఒకే ఎత్తుకు వచ్చాయి.

"పిలుద్దామని మీ వాకిలి దాకా వచ్చినాన్నా. గేటు ఏసుండె. తట్టేదానికి చెయ్యి రాలేదు. తప్పు నాదే," అన్నాడు నాయన. ఏడుస్తున్నాడు.

పెద్దనాయన తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. తువాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"సరేలే, ఏడవగాకు. దారి తీపిస్తా, పొద్దున్నే లారీలు పోనీ. అమ్మ కాడికి రేపు ఇద్దరం పోదాం." ఒక్క క్షణం ఆగి గట్టిగా అరిచాడు. "ముందర నన్ను లేపండ్రా ఈడనుంచి! ఇందాకటి నుంచి చస్తాండా!"

నాయన ఒక చెయ్యి, మస్తాన్ సాబ్ ఒక చెయ్యి పట్టుకుని లాగారు. పెద్దనాయన లేచాడు. కుర్చీ కూడా ఆయనతో పాటు లేచింది. నేను వెనక నుంచి కుర్చీ పట్టుకుని లాగితే, ఆయన ఒక్క ఉదుటున విడుదలై నేరుగా వెళ్లి దీపానికి తల కొట్టుకున్నాడు. ఠంగుమంది. వెలుతురు సూటిగా కంటికే తగిలింది.

"తోబా తోబా!" అని మస్తాన్ సాబ్ నవ్వడం మొదలుపెట్టాడు, నాయన అందుకున్నాడు, తల రుద్దుకుంటూనే పెద్దనాయన కూడా నవ్వాడు. పన్నెండేళ్ల తర్వాత అన్నదమ్ములు ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం, నేను వెర్రివాణ్ణని.

వెళ్లేముందు పెద్దనాయన వాకిట్లో ఆగి వాలుకుర్చీ వైపు వేలు చూపించాడు. "అది నా బండికి ఎక్కించు."

"నీకు నచ్చిందా పెద్దనాయనా?" నా మొహం వెలిగిపోయింది. ఆ వాలు, ఆ వంపు, ఆ తాళ్ల అల్లిక, ఎట్టకేలకు ఒక్కరికి అర్థమయ్యాయి!

"నచ్చకేం! గని కాడ నా ఆఫీసులో ఏస్తా. బేరానికొచ్చినోణ్ని దాంట్లో కూచోబెడితే, సరే అనేదాంకా యాడికి పోతాడు?"

ఆ కుర్చీ ఇప్పటికీ అక్కడే ఉంది. బద్వేలు నుంచి వచ్చే బండల వ్యాపారులు దానికి కుర్చీ అని కాక, వల అని పేరు పెట్టుకున్నారు. మస్తాన్ సాబ్ కుర్చీలు తువాళ్లు వదిలించుకుని మళ్లీ నడింట్లోకి వచ్చాయి. పోయిన నెల ఒక లోడు విషయం మాట్లాడదామని నేను పెద్దనాయన ఆఫీసుకు వెళ్లాను.

"రారా, కూచో," అన్నాడు ఆప్యాయంగా.

"పర్వాలేదు పెద్దనాయనా, నిలబడే చెప్తా."

"తెలివొచ్చిండాది నా కొడుక్కి," అన్నాడు.

వచ్చింది. కాబట్టి అహోబిలం నరసింహస్వామి సాక్షిగా, బేతంచెర్ల బండ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ ఏ దేశపు కుర్చీ అయినా, ఎంత అందంగా కూర్చోబెడుతుందో చూసి ఇంటికి తేను. మా పెద్దనాయనను తీసుకెళ్లి అందులో కూర్చోబెడతాను. ఆయన తనంతట తానే లేచి నన్ను తిట్టగలిగితేనే తెస్తాను.