పెదనాన్న ఖాళీ కెమెరా

కళాభిమానులారా! ఒక మహా ఫొటోగ్రాఫరు కీర్తికి మరక అంటించబోతున్నందుకు, గోదావరిలో మూడు మునకలేసి మరీ క్షమాపణ వేడుకుంటున్నాను.

నిన్న రాజమండ్రిలో మా పెదనాన్న ఫొటోల ప్రదర్శనకు వెళ్లాను. అద్దాల పెట్టెలో ఆయన పాత కెమెరా ఉంది. వేలు ఆనేచోట నల్లరంగు అరిగిపోయి ఇత్తడి మెరుస్తోంది. పక్కనే రీలు డబ్బా. గుర్తుందా, చిన్నప్పుడు అలాంటి డబ్బాల్లోనే మనం బలపాలు దాచుకునేవాళ్లం!

వీధి ఫొటోలకు పెదనాన్నది ఒకటే పద్ధతి. వారం రోజులు రీలు లేని కెమెరా నొక్కుతూ చేపల మార్కెట్లో తిరిగేవారు. జనం ఫోజులిచ్చి విసిగి ఆయన్ని పట్టించుకోవడం మానేశాక, చెప్పకుండా రీలుతో వచ్చేవారు. రీలు ఎక్కించే రోజు ఏదో, ఆయన వెంట తిరిగే నాకొక్కడికే తెలుసు.

చేపలమ్మే నూకాలమ్మ రోజూ నన్నే అడిగేది.

"బాబూ, ఇయ్యాల రీలుందా? ఉంటే సెప్పు, కొత్తకోక కట్టుకొత్తాను. నాకు ఒక్క ఫొటో కూడా లేదు."

"లేదు నూకాలమ్మా, ఖాళీయే. ఒట్టు!"

ఒకరోజు నేనలా ఒట్టేసిన పూటే ఆమె జుట్టు రేగిపోయి, కత్తి ఎత్తి పిల్లిని తిడుతుంటే పెదనాన్న ఫొటో తీశారు. అది పేపర్లో పడింది. ఆయనకు పేరొచ్చింది.

"నేనింత గయ్యాళిలా ఉంటానా అయ్యగారూ?" అంది నూకాలమ్మ. ఆ తర్వాత ఆయన కనిపిస్తే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. ఆమె పోయినప్పుడు ఇంట్లోవాళ్లు దండ వేసింది ఆ పేపరు ముక్కకే.

నిన్న అందరూ ఆ ఫొటో ముందు నిలబడి "ఎంత సహజంగా ఉందండీ!" అన్నారు. పెదనాన్న తప్పేమీ లేదు. ఆ రోజు రీలుందని తెలిసే, సరదాకి లేదన్నాను. దాన్ని కెమెరాలో ఎక్కించింది నేనే.