సింగపూర్ వచ్చేలోగా

పెళ్లయిన కొత్తలో నాలుగు నెలలు మా బావతో ఓడలో ఉన్నాను. బావ అంటే మా ఆయనే, సరుకుల ఓడలో సెకండ్ ఇంజనీరు. మూడేళ్ల తర్వాత పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లి, మళ్లీ ఆయనతో ఓడెక్కాను.

మధ్యలో జరిగింది ముందే చెప్పేస్తాను, దాచుకుని చెప్పే ఓపిక నాకు లేదు. అయిదో నెలలో కడుపు పోయింది. టెక్కలి ఆసుపత్రిలో అమ్మ ఒక పక్క, అత్త ఒక పక్క. బావ ఎక్కడో నడి సముద్రంలో. ఫోన్లో "ధైర్యంగా ఉండు" అన్నాడు, ఆ వెంటనే "పంపు పాడైపోయింది, ఎల్లాల" అని పెట్టేశాడు. తర్వాత సెలవులకి వచ్చాడు, వెళ్లాడు. ఇంటి నిండా మనుషులు, ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. నేను మాత్రం ఆ పంపుని మరిచిపోలేదు.

అందుకే బయల్దేరేముందు అమ్మకి చెప్పాను. ఆరు రోజుల్లో సింగపూర్ వస్తుంది, అప్పటికీ ఈ మనిషితో ఉండగలనని అనిపించకపోతే దిగి వచ్చేస్తాను, మళ్లీ కాపురానికి వెళ్లను అని. దిగాలంటే రెండు రోజుల ముందు కెప్టెన్‌కి చెప్పాలి. అంటే నా చేతిలో ఉన్నవి నాలుగే రోజులు.

క్యాబిన్లో ఒక మంచం, ఒక సోఫా, ఒక అల్మారా. బావ అల్మారాలో సగం ఖాళీ చేసి పెట్టాడు. సగమంటే సగమే, టేపుతో కొలిచినట్టు. ఒకరు నిలబడితే రెండోవాళ్లు కూర్చోవాలి. "నువ్వెళ్లు", "కాదు, నువ్వెళ్లు" అనుకుంటూ రైల్లో ఎదురు బెర్తుల వాళ్లలా మహా మర్యాదగా ఉన్నాం. నాకు ఒళ్లు మండిపోయేది.

మూడో రోజు పొద్దున్న టిఫిన్ దగ్గర చీఫ్ ఆఫీసరు ముక్కు మూసుకున్నాడు. ఏసీ గొట్టాల్లో ఎలక చచ్చిందన్నాడు. కెప్టెన్ మా బావని వెతకమన్నాడు. అప్పటికిగాని నాకు సోఫా కింద సొరుగు గుర్తు రాలేదు. అందులో భావనపాడు రేవులో కొన్న ఎండు నెత్తళ్లు, వేలెడంత చేపలు, రెండు కేజీలు! ఎంత కోపమున్నా మొగుడి దగ్గరికి ఒట్టి చేతులతో పోతామా? మా ఉద్దానం ఇళ్లలో అయితే దూలానికి వేలాడదీస్తాం, వాసన గాలికి పోతుంది. ఓడలో కిటికీ తెరుచుకోదని, ఉన్న గాలే అన్ని గదులూ తిరుగుతుందని ఆలోచించలేదు. రోజంతా బావ గొట్టాల మూతలు విప్పి పాకుతుంటే, నేను సిగ్గుతో క్యాబిన్లో చచ్చిపోయాను.

సాయంత్రం మోకాళ్లంతా మసితో వచ్చాడు. చేతిలో మందపాటి కవర్లు, టేపు. నేరుగా సొరుగు లాగాడు.

"నీకు తెల్సా?" అన్నాను.

"నువ్వు బేగు తెరిసినప్పుడే తెల్సు."

"మరి రోజంతా ఎందుకు ఎతికినావు?"

"మా ఆడదాని ఎండు సేపలని సెప్పీమంటావా? అందరూ నిన్ను సూసి నవ్వుతారు. అసలే దిగిపోతానని సూత్తన్నావు. మీయమ్మ సెప్పీసింది."

నాకు ఒక్కసారిగా కోపం పొంగింది. "నెత్తళ్ల కోసం రోజంతా పాకినావు బావా. ఆ రోజు నాతో రెండు నిమిషాలు మాట్నాడ్డానికి నీకు పంపు అడ్డొచ్చిందా?"

కవరుకి టేపు చుడుతున్నవాడు ఆగిపోయి, నేల మీదే కూలబడ్డాడు.

"పంపు పాడవనేదే. బాగానే ఉంది. నీ గొంతు వినీసరికి ఫోన్లోనే ఏడుపొచ్చీసింది. నేనేడిస్తే నువ్వేటయిపోతావోనని పెట్టీసినాను. కెప్టెన్‌కి సెప్తే పని మానీసి గదిలో కూకోమంటాడు. ఒక్కడినీ గదిలో కూకోనేక ఎవలికీ సెప్పనేదు. కిందకెల్లి ఆ పంపే ఇప్పీసినాను, మళ్లీ బిగించినాను. మూడుసార్లు."

అతని పక్కనే నేల మీద కూర్చున్నాను. ఇద్దరికీ సరిపోని చోటు, మోకాలికి మోకాలు ఆనింది. ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే పోగొట్టుకున్నాననుకున్నాను. ఎంత తప్పు! అతనికి ఏడవడానికి పక్కన అమ్మ కూడా లేదు.

"ఆడపిల్ల బావా," అన్నాను. "నీకెవలైనా సెప్పినారా?"

తల అడ్డంగా ఊపాడు. తర్వాత, అడగొచ్చో లేదో అన్నట్టు మెల్లగా అడిగాడు.

"ఎవలి పోలికే?"

ఆసుపత్రిలో నేను రెండు చేతుల్లో పట్టుకుని చూసిన ఆ బిడ్డ గురించి అప్పటిదాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మరిచిపొమ్మనే అన్నారు. చెవుల దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. అతను ఏడుస్తూ వింటూనే ఉన్నాడు.

సింగపూర్‌లో నేను దిగలేదు.