ఆకుమడి పచ్చ

రాజోలు బస్టాండు వెనక సందులో నాది స్టేషనరీ షాపు. రికార్డు పుస్తకాలు, చార్టులు, పెన్నులు, డిసెంబరు నెలలో క్రిస్మస్ స్టార్లు, బైబిలు వాక్యాలున్న వాగ్దాన కార్డులు అమ్ముతాను. పక్కన చిన్న బల్ల వేసుకుని ఫొటోలకి ఫ్రేములు కూడా కడతాను. కూర్చునీ కూర్చునీ నడుము పోయింది. ఓపిక అంతకుముందే పోయింది. ఈ మధ్య ప్రతివాళ్లూ ఫోను తెచ్చి నా మొహం మీద పెట్టి "ఇది ఉందాండీ?" అంటున్నారు. ఉందంటే తిప్పి చూసి, నలిపి చూసి, ఇదే ఫోనులో ఇంకా తక్కువకి వస్తోందని చెప్పి వెళ్లిపోతారు. మరి అక్కడే కొనుక్కోక నా దగ్గరకి రావడమెందుకంటే ముట్టుకుని చూడటానికి. నా షాపు ఇప్పుడు ఆన్‌లైన్ వాళ్లకి ఎగ్జిబిషను.

దుర్గాభవాని గారు కూడా మొదటిసారి ఫోను పట్టుకునే వచ్చారు. నలభై దాటిన మనిషి. సఖినేటిపల్లి అవతల, సముద్రం వైపున్న ఊరు. ఆటో దిగి ఎండలో నడిచొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరో నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు అడిగారు.

"మూడొందల జీఎస్సెమ్ పేపరుందాండీ? కోల్డ్ ప్రెస్సు?"

"పేపరు కావాలాండీ, అట్ట కావాలా?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఫోనులో వీడియో చూపించారు. ఎవరో తెల్లమ్మాయి గరుకుగా ఉన్న మందపాటి కాగితం మీద నీళ్లు పూసి, కుంచెతో రంగు ముట్టిస్తే, అది దానంతటదే మబ్బులా విచ్చుకుంటోంది. చూస్తూ ఉంటే నాకూ బాగానే అనిపించింది, కానీ ఒప్పుకోలేదు. "మా దగ్గర డ్రాయింగు షీట్లేనండి. పిల్లలు గుడిసె, సూర్యుడు వేసుకునేవి" అన్నాను.

"తెప్పించలేరాండీ?" అన్నారు ఆవిడ. ఆ అడగడంలో ఎంత అలసట ఉందంటే, ఇంకెవరైనా అయితే కసిరి పంపేసేవాణ్ణి, ఆవిణ్ణి కసరలేకపోయాను. రాజమండ్రి హోల్‌సేలు వాడికి చెప్పి తెప్పించాను. అలా మొదలైంది.

వచ్చినప్పుడల్లా ఆవిడ స్టూలు మీద కాసేపు కూర్చునేవారు. అలా కొంచెం కొంచెంగా ఆవిడ సంగతి తెలిసింది. ఇక్కడే రాజోల్లో ఇంటరు చదువుకున్నారట. బోటనీ రికార్డులో బొమ్మలు క్లాసంతటికీ ఆవిడే వేసి పెట్టేవారట. పెళ్లికి వాళ్ల నాన్న నూకయ్య గారు పసుపు కుంకుమ కింద పది కుంచాల చేను రాసిచ్చారు. అంటే ఎకరం. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండే చేను. కొన్నేళ్లు దాన్నే తిన్నారు. తర్వాత చుట్టుపక్కల వాళ్లంతా రొయ్యల చెరువులు తవ్వారు. చుట్టూ ఉప్పునీళ్లు నిలబెట్టాక మధ్యలో వరి బతకదు గదా. రెండు పంటలు తాలిపోయాక భర్త గంగబాబు కూడా పొక్లెయిన్ పెట్టి చేనుని చెరువు చేశాడు. ఆవిడ కాదనలేదు. కాదనడానికి అక్కడ మిగిలిందేముంది?

"తప్పెవరిదని చెప్తామండి?" అన్నారు ఆవిడ ఓసారి. "అందరం కలిసే చేసుకున్నాం."

ఇప్పుడు గంగబాబు రాత్రీ పగలూ చెరువు గట్టు మీదే. కరెంటు పోతే జనరేటరు, మేత, మందులు, రొయ్యకి తెల్లమచ్చ జబ్బు చేస్తే ఇంటిల్లిపాదికీ జబ్బు చేసినట్టే. కూతురు చిన్ని అమలాపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో అత్తగారు వీరాయమ్మ గారు, ఈవిడ. మధ్యాహ్నం పనయ్యాక ఫోను చూస్తూ పడుకుంటే ఓ రోజు బొమ్మల వీడియో ఒకటి కనబడింది. ఒకటి చూస్తే పది వచ్చి కూర్చుంటాయి గదా అందులో. చిన్ని స్కూలు రోజుల రంగుడబ్బా అటక మీంచి దింపి, వీడియోలు చూసి మంచుకొండలు వేశారు, ఊదారంగు పూలతోటలు వేశారు, సరస్సులో హంసలు వేశారు.

"అవన్నీ బాగానే వచ్చేయాండీ?" అని అడిగాను.

"ఏమోనండి. మంచు నేనెప్పుడు చూసేను? బాగా వచ్చిందో లేదో నాకెలా తెలుస్తుంది?"

అక్కణ్ణించి ఆవిడకి ఒకటే కోరిక పట్టుకుంది. చేను వెయ్యాలి. చెరువు కాకముందు ఎలా ఉండేదో అలా, ఆషాఢం చివర్లో, నాట్లకి ముందు, ఓ మూల ఆకుమడిలో నారు లేతగా మెరుస్తూ మిగతా మడులన్నీ నీళ్లతో నిండి ఉన్నప్పటిది. దానికి ఫొటో ఒక్కటీ లేదు. చేనుకి ఫొటో ఎవరు తీసుకుంటారు?

"ఆ పచ్చరంగు మర్చిపోతున్నానండి సాలమోను గారూ" అన్నారు. "కళ్లు మూసుకుంటే ఇదివరకు వచ్చేది. ఇప్పుడు చెరువే వస్తోంది."

ఆ మాట విన్నాక ఆవిడతో బేరాలాడటం మానేశాను.

కానీ బొమ్మ కుదరలేదు. వేసినప్పుడు బాగానే ఉంటుందట. ఆరేసరికి పచ్చ మీద తెల్లటి పొర తేలుతుంది, అక్కడక్కడా పొడలు కడుతుంది. కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నిజమే, ఆకుమడి బూజు పట్టినట్టుంది.

"పేపరు మంచిది కాదేమోనండి" అన్నారు ఆవిడ, నొప్పించకూడదన్నట్టు మెల్లగా.

నాకు రోషం వచ్చింది. ఆవిడ కోసం పనిగట్టుకుని తెప్పించిన పేపరు! అయినా నూరు శాతం దూదితో చేసిందంటూ ఇంకో రకం తెప్పించి ఇచ్చాను. దాని మీదా అంతే. రంగులు మార్చాం. బిళ్లల నుంచి ట్యూబులకి వచ్చాం. మామూలు ట్యూబుల నుంచి ఆర్టిస్టులు వాడేవాటికి వెళ్లాం. కుంచె గుండ్రందా, పలకదా అని అది మార్చాం. ఫోనులో ఆవిడ చేరిన బొమ్మలవాళ్ల గ్రూపులో తలో మాటా చెప్పారు. పేపరు చెమ్మ పీల్చిందని ఒకరు, ట్యూబు పాతదని ఒకరు, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టమని ఇంకొకరు. ప్రతి సలహాకీ చివర ఏదో ఒకటి కొనమనే ఉండేది. ఇంటి దగ్గర వీరాయమ్మ గారు, "మీ ఆయన చెరువులో తెల్లమచ్చ, నీ కాగితం మీద తెల్లమచ్చ, ఇద్దరూ సరిపోయేరు" అన్నారట. చెప్పి ఆవిడే కాస్త నవ్వారు. ఆ నవ్వు మొహంలో నిలబడలేదు.

"ఇంకొక్కసారి చూస్తానండి. ఇదీ ఇంతే అయితే మానేస్తాను. నాకింక ఓపిక లేదు" అన్నారు.

ఆ రోజు బయట వాన దంచుతోంది. బస్సు లేదు, ఆటో లేదు. నాకు ఆ పేపరు మీద అప్పటికి మహా మంటగా ఉంది.

"ఇక్కడే వెయ్యండి, నా ఎదురుగా. తప్పు పేపరుదో కాదో ఇవాళ తేలిపోవాలి" అన్నాను. షాపు వెనక పంచాయతీ కుళాయి ఉంది. మగ్గుతో నీళ్లు పట్టి పెట్టాను. ఆవిడ పసుపులో నీలం చుక్క కలిపి అరచెయ్యంత మేర పచ్చరంగు పూశారు. వాన గాలికి అది ఆరేసరికి నేను అన్నం తిని చెయ్యి కూడా కడుక్కున్నాను.

వచ్చి చూస్తే ఎక్కడా పొర లేదు. పచ్చ పచ్చగానే ఉంది.

"చూసేరా! నేను చెప్పలేదూ, పేపరు బంగారం!" అని అరిచినంత పని చేశాను.

ఆవిడ పేపరు వైపు చూడట్లేదు. మగ్గు వైపు చూస్తున్నారు. లేచి వెళ్లి, కుళాయి కింద చెయ్యి పట్టి, ఓ గుక్క తాగి వచ్చారు.

"తియ్యగా ఉన్నాయండి" అన్నారు. "మావి బోరు నీళ్లు గదండీ. చెరువులొచ్చేక అన్నీ ఉప్పు."

అంతే సంగతి. అన్ని నెలలు ఇద్దరికీ తట్టలేదు. నాకు తట్టకపోవడానికి కారణముంది, నేను గోదారి కాలవ నీళ్లు తాగేవాణ్ణి. ఆవిడకెందుకు తట్టలేదంటే, ఆ ఊళ్లో బిందెల మీద తెల్లచార, ఆరేసిన బట్టలు అట్టకట్టడం, తలంటుకున్నా జిడ్డు వదలకపోవడం ఎవరికీ వింత కాదు. తాగడానికీ, అన్నం వండటానికీ మాత్రం టిన్ను నీళ్లు కొనుక్కుంటారు. వాటిని ఇంక దేనికీ ముట్టుకోరు. తాగే నీళ్లలో కుంచె ముంచడమనేది ఆవిడ ఊహకే రాలేదు. ఉప్పుకి అలవాటుపడి ఉప్పున్న సంగతే మర్చిపోయారు.

నా గెలుపు సంబరం ఎంతోసేపు లేదు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, "అయితే నా చేనుని ఆ చెరువు కాగితం మీద కూడా ఉంచలేదన్నమాట" అన్నారు. ఎవరి మీదా కోపం లేకుండా అన్నారు. నేను ఖాళీ కూల్‌డ్రింకు సీసా కడిగి, కుళాయి నీళ్లు నింపి చేతికిచ్చాను.

"ఆయ్, పట్టికెళ్తానండి" అన్నారు.

తర్వాత కొన్నాళ్లు కనబడలేదు. పచ్చ కుదరడానికే చాలా కాగితాలు పట్టాయని తర్వాత చెప్పారు. ట్యూబులో వచ్చే పచ్చలేవీ పనికి రాలేదట. అవన్నీ ఎక్కడివో కొండల పచ్చలు, అడవుల పచ్చలు. ఆకుమడి పచ్చ ఏ కంపెనీవాడూ అమ్మడు. నిమ్మపండు పసుపు ఎక్కువ, నీలం ఉండీ లేనట్టు, పైన ఎండ కోసం కొంత కాగితం వదిలెయ్యాలి.

బొమ్మ పూర్తిచేసి ఫ్రేముకి తెచ్చిన రోజున గంగబాబుని మొదటిసారి చూశాను. రొయ్యకి మళ్లీ జబ్బొచ్చి చెరువు ఖాళీ చేసేశారట, అందుకే తీరికయి బండి మీద తీసుకొచ్చాడు. ఎండకి మాడిన మనిషి, కళ్ల కింద గుంటలు. "నమస్కారమండి" అన్నాడు, గోడకి ఆనుకుని స్టూలు మీద కూర్చున్నాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. ఆవిడ లేపలేదు. "పడుకోనివ్వండి, ఎన్నాళ్లయ్యిందో" అన్నారు.

బొమ్మ చూశాను. నేను కళాకారుణ్ణి కాను, ఫ్రేములు కట్టేవాణ్ణి. కానీ ఆ మూల ఆకుమడి చూస్తుంటే అందులో చెయ్యి పెడితే తడి తగులుతుందనిపించింది. మిగతా మడుల్లో ఆకాశం పడి ఉంది. గట్లు, నీళ్లొచ్చే బోదె, దూరంగా మబ్బు. మనిషన్నవాడు లేడు. శ్రద్ధగా అద్దం తుడిచి, వెనక అట్ట పెట్టి, మేకులు దిగ్గొట్టాను. ఆ చప్పుడికి గంగబాబు లేచాడు.

"అయ్యిందాండీ?" అంటూ వచ్చి ఫ్రేము అందుకున్నాడు. ఇంట్లో ఆవిడ వేస్తుంటే ఎప్పుడూ చూసినట్టు లేదు. చూస్తూ చూస్తూ నిద్రమొహం మారిపోయింది.

"మన చేను" అన్నాడు.

"ఆయ్" అన్నారు ఆవిడ. ఆ ఒక్క మాటలో ఎంత సంతోషముందో నేను విన్నాను.

అతను ఇంకా చూస్తున్నాడు. "బోదె గట్టు మీద చెట్టేదే?" అన్నాడు.

"ఏ చెట్టండీ?"

"కొబ్బరిచెట్టు. ఒంటిచెట్టు ఉండేది గదా. పెళ్లికి ముందు మీ నాన్నగారు పొలం చూపించడానికి తీసికెళ్లి, దానికే సైకిలు ఆనించేరు. పొక్లెయిన్ తిరగటానికి అడ్డమన్నారని నేనే కొట్టించేను. ఆ పూట నాకు అన్నం సయించలేదు. నీతో అనలేదంతే."

ఆవిడ ఫ్రేములోకి చూశారు. గట్టు మొత్తం వెతుకుతున్నట్టు చూశారు. తర్వాత అతనితో కాదు, నాతో అన్నారు. "నాకు గుర్తు లేదండి. రావట్లేదు. చిన్నప్పట్నించీ చూసిన చేనండి."

"కోనసీమలో కొబ్బరిచెట్టుని ఎవరు పట్టించుకుంటారండి? ఎటు చూసినా అవే" అన్నాను. ఓదార్పుకే అన్నాను గాని అది ఓదార్పులా లేదు. రంగు మర్చిపోతానని భయపడిన మనిషికి ఓ చెట్టుకి చెట్టే పోయింది.

అడక్కుండానే ఫ్రేము తీసుకుని, కొట్టిన మేకులు ఒక్కోటీ పీకేశాను. బొమ్మ బయటికి తీసి బల్ల మీద పరిచి పెన్సిలిచ్చాను. "ఎక్కడుండేదో చూపించండి" అన్నాను. గంగబాబు రొయ్యల మేతతో పగిలిన వేలు గట్టు మీద పెట్టాడు. ఆవిడ అక్కడ చిన్న చుక్క పెట్టుకున్నారు.

"ఎటు ఒరిగుండేదండీ?" అని అడిగారు.

"బోదె వైపే" అన్నాడు. మళ్లీ ఆగాడు. "కాదు, చేను వైపేమో. నీడ మడిలో పడేది... సాయంత్రం పడేదా, పొద్దున్నా?"

"కొట్టినప్పుడు ఎటు పడిందండీ?"

"తాడు కట్టి లాగేరు. ఎటు లాగితే అటు పడింది."

అడగడానికి నూకయ్య గారు లేరు. వీరాయమ్మ గారు ఆ చేలోకి ఎప్పుడూ వెళ్లిన మనిషి కాదట. ఇద్దరూ ఆ చుక్క వైపు చూస్తూ నిలబడ్డారు. వెనక ఎవరో రికార్డు పుస్తకం అడిగితే తర్వాత రమ్మన్నాను.

చివరికి ఆవిడ పెన్సిలు బల్ల మీద పెట్టేసి, "నిటారుగా వేసేస్తానండి" అన్నారు.

"నిటారుగా మాత్రం ఉండేది కాదే" అన్నాడు గంగబాబు.