టవల్ కింద కోడిపిల్లలు

తాడిపత్రిలో బస్సెక్కిన ఒకామె నా పక్కన కూర్చుని, బొక్కలు పెట్టిన అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుంది. లోపల నిన్న పుట్టిన కోడిపిల్లలు ఒకటే అరుపులు.

"ఇంటికాడ రేకు గుండ్రంగా నిలబెట్టి, శెనక్కాయ పొట్టు పరిచి, బల్బు ఏసిపెట్టొచ్చినా అన్నా. పోతానే వాటికి వెచ్చగా ఉండల్ల గదా," అంది. కాసేపటికి కునుకు ముంచుకొస్తుంటే పెట్టెను నా ఒళ్లోకి జరిపింది. "రవ్వంతసేపు పట్టుకో అన్నా."

కిటికీలోంచి వడగాలి కొడుతోంది. పిల్లలకు తగులుతుందని నా టవల్‌ను పెట్టె చుట్టూ బిగించి కప్పాను. బొక్కలన్నీ మూసుకుపోయాయని తట్టలేదు. అరుపులు నెమ్మదించి, ఆగిపోయాయి. నిద్రపోయాయనుకుని నా తెలివికి నేనే మురిసిపోయాను.

శింగనమల దగ్గర పడుతుండగా ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఏమప్పా, గమ్మునైపోయినాయి?" అంటూ టవల్ లాగేసి మూత తెరిచింది. ఒక్కటీ కదల్లేదు.

"అరుస్తాంటే బాగుండాయని లెక్క. గమ్మునుంటేనే భయపడల్ల," అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. తిట్టలేదు. టవల్ మడిచి నా చేతిలో పెట్టి, పెట్టెతో దిగిపోయింది.

ఇంటికి పోయి ముందుగా ఆ బల్బే ఆర్పి ఉంటుంది.