పోలయ్య మింగిన దొన్నె పుల్ల

ఈ హిందీ ఊళ్లో మా తెలుగువాళ్ల కాలనీ రామాలయంలో నవమి పులిహోరను నైవేద్యం కాకముందు ముట్టే ధైర్యం ఎవరికీ లేదు. కాపలా పోలయ్యది మరి! ముప్పై నాలుగేళ్లు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి, రిటైరయ్యాక గుడి వంటింటి గుమ్మం పట్టుకున్నాడు. వండేవాళ్లు ఉప్పు కూడా చూడకూడదు. నిరుడు లాల్‌ఖదాన్ పేట నుంచి వంటకొచ్చిన చిన్నమ్మి, ఏడుస్తున్న మనవరాలి నోట్లో ఒక్క ముద్ద పెట్టింది. "దేవుడికి ఎంగిలి పెడతావేటి?" అని అందరి ముందూ కడిగేశాడు. ఆవిడ గరిటె అక్కడే పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఈ ఏడు నవమి అయిన మూడో రోజున పోలయ్యకు కడుపునొప్పి. పక్కింటి స్కూలు మాస్టార్నైన నేనూ, ఆయన భార్య అప్పయమ్మా ఆస్పత్రికి తీసుకెళ్లాం. స్కాన్‌లో చిన్నపేగు మొదట్లో ఏదో సన్నగా, వాడిగా గుచ్చుకుని కనిపించింది.

"ఏం మింగారు?" అంది డాక్టరమ్మ హిందీలో.

"ఏటీ లేదు."

"అచ్ఛా. అదేమిటో తెలిస్తే తగిన పట్టకారు సిద్ధం చేసుకుంటాను. నోట్లోంచి వేసే గొట్టంతో రాకపోతే పొట్ట కొయ్యాలి."

పోలయ్య గోడవైపు తిరిగాడు.

"సెప్పయ్యా, కొత్త పెళ్లికూతురిలాగ సిగ్గేటి?" అంది అప్పయమ్మ.

"మాస్టార్ని బయటికెళ్లమను."

"ఆరెందుకెళ్తారు? నువ్వు సెప్పు."

"దొన్నె పుల్ల" అన్నాడు గోడతో. "నవమినాడు, తెర ఎనకాల గబగబా తిన్నాను. నైవేద్యం గంట కొట్టకముందే."

ఆకు దొన్నెకు గుచ్చే వెదురు పుల్ల పులిహోరతోపాటు లోపలికి పోయిందన్నమాట.

"ఉప్పు సరిపోయినాదా?" అంది అప్పయమ్మ. నాకు నవ్వు ఆగలేదు. తీరా చూస్తే పోలయ్య కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నా నవ్వు నాకే సిగ్గనిపించింది.

మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం పంపి, పుల్ల మొన ఎక్కడా గీరకుండా గొట్టం చివరి మెత్తని టోపీలోకి లాగి, బయటికి తీసింది డాక్టరమ్మ. వేలి కణుపంత పుల్ల! చిన్న సీసాలో వేసి ఇచ్చింది.

రెండు రోజులకు ఇంటికి పంపారు. ఆటో మా కాలనీ ఉన్న కుదుదండ్ వైపు తిరగబోతుంటే పోలయ్య, "లాల్‌ఖదాన్ పోనీ" అన్నాడు.

చిన్నమ్మి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. పోలయ్య ఆ సీసా ఆమె ముందు పెట్టాడు. జరిగింది చెప్పాడు, తల ఎత్తకుండానే.

"నీ మనవరాలంటే పసిపిల్ల, సిన్నమ్మీ. నాకేటొచ్చింది? వాసనకి ఆగలేకపోయాను."

ఆవిడ సీసా ఎత్తి వెలుతురులో చూసింది.

"అప్పుడు నన్నన్న మాటే నిన్ననమంటావా?"

"అను."

ఆవిడ అనలేదు. లోపలికెళ్లి మనవరాలిని తెచ్చి ఎదురుగా నిలబెట్టింది.

"నాకు కాదు. దీనికి సెప్పు."

పోలయ్య పిల్ల ముందు వంగి చేతులు జోడించాడు. నాలుగేళ్ల పిల్ల, నమస్తే అనుకుని తనూ జోడించింది.