తిట్టనని మాటిచ్చిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ ఇక లేదు. ఆ మాట నాకు ఉప్పల్ కూరగాయల మార్కెట్లో తెలిసింది. వంకాయలు ఏరుకుంటుంటే నర్సింగ్‌హోమ్‌లో పనిచేసే సిస్టర్ ఫోన్ చేసింది. "అక్కా, మేడమ్ పోయిన్రు. హబ్సిగూడ ఇంట్లనే, నిద్రల్నే పోయిన్రట" అన్నది. కూరగాయలామె నా మొహం చూసి, "ఏమైందమ్మా? ఎవరికేమైంది?" అని అడిగింది. "మా పిల్లగాన్ని బతికించిన డాక్టరమ్మ పోయింది" అన్నాను. ఆమె తక్కెడ పక్కన పెట్టేసింది. "నాచారం డాక్టరమ్మనా? అయ్యో, నా బిడ్డ కాన్పు గూడ ఆమెనే జేసింది" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకున్నవాళ్ళు తొందరపెట్టేదాకా ఇద్దరం అట్లాగే నిలబడిపోయాం.

ఆమె గురించి రాయాలంటే ముందుగా ఆమె నోటి గురించి రాయాలి. డాక్టరమ్మకు నోరు పెద్దది. ఇది దాచిపెట్టి మెత్తమెత్తగా రాశానంటే పైనుంచి నన్నే తిడుతుంది. గేటుకు అడ్డంగా ఆటో పెట్టినవాణ్ణి తిట్టేది, మందులు ఆలస్యంగా పంపిన దుకాణంవాణ్ణి తిట్టేది, భార్యను అడిగితే తామే జవాబు చెప్పే మొగుళ్ళనైతే ఉతికి ఆరేసేది. "కాన్పు నీకైందా? ఆమెకైందా? జర ఆమెను మాట్లాడనియ్యి!" అనేది. నల్లగొండ దిక్కునుంచి వచ్చి అంత పెద్ద చదువు చదివినా యాస మార్చుకోలేదు. నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీలలో పనిచేసే ఆడవాళ్ళందరికీ ఆమె నర్సింగ్‌హోమే దిక్కు. నేనూ అక్కడి మందు గోలీల కంపెనీలో ప్యాకింగ్ పనిచేసేదాన్ని. మొదటి కాన్పుకు అక్కడికే వెళ్ళాను.

నాకు పెద్దాపరేషన్ అయింది. కొడుకు పుట్టాడు. తోడుగా మా అత్తమ్మ ఉన్నది. జనగామ దగ్గరి పల్లె నుంచి మాతోపాటు వచ్చిన మనిషి, చర్చిలో పాట పాడేటప్పుడు తప్ప నలుగురిలో నోరెత్తేది కాదు. మనవడు పుట్టిన సంతోషంలో, తమ ఊరి పద్ధతి ప్రకారం వాడి నాలుకకు వేలితో తేనె రాసింది. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ వార్డులోకి వచ్చింది. ఇక చూస్కోండి! "ఏందిది? పిల్లగాన్ని బతకనియ్యవా? ఎన్నిసార్లు జెప్పాలె మీకు, సమజ్ కాదా?" అని అరిచింది. వార్డంతా మా మంచం వైపు తిరిగింది. చెప్పిన విషయం నిజమే, పసిపిల్లలకు తేనె పెట్టకూడదు. కానీ మా అత్తమ్మ చెవుల్లో విషయం పడలేదు, అరుపే పడింది. తేనె సీసాను సంచి అడుగుకు తోసి, తల వంచుకుని కూర్చుంది.

మర్నాడు పిల్లాడు పాలు తాగలేదు. నిద్ర, నిద్ర, ఒకటే నిద్ర. నేను ఆపరేషన్ మగతలో ఉండి, ఏడవకుండా పడుకున్నాడు, ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాను. అత్తమ్మకు మాత్రం అనుమానం వచ్చింది. వచ్చి ఏం లాభం? చెబితే మళ్ళీ అందరి ముందు తిట్టించుకోవాలి. అందుకని దూది వత్తితో నాలుగు చుక్కలు చక్కెర నీళ్ళు పోసి చూసింది. కాసేపటికోసారి ఒక సిస్టర్ వచ్చి, "పాలు తాగుతుండా నాయనమ్మా?" అని అడిగేది. "తాగుతుండు, మస్తుగ తాగుతుండు" అనేది అత్తమ్మ. సిస్టర్ తల ఊపి పక్క మంచానికి వెళ్ళేది. డ్యూటీ దిగే సిస్టర్ ఎక్కే సిస్టర్‌కు అదే చెప్పింది. పిల్లగాడు మస్తుగా తాగుతున్నాడన్న మాట ఆస్పత్రి అంతా తిరిగింది, వాడి కడుపులో పాల చుక్క లేదు.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి వాడి అరికాలు గోకింది. వాడు ఏడవలేదు. ఇంకోసారి గట్టిగా గోకింది. కళ్ళు కూడా తెరవలేదు. ఒళ్ళు పసుపు రాసినట్టు ఉన్నది. "పాలెప్పుడు తాగిండు?" అని అడిగింది. అత్తమ్మ కొంగు కొసను వేళ్ళకు చుట్టుకుంది. "ఏం పోసినవ్? చెప్పు, నాకు తెల్వాలె!" అంటే ఇంకా ముడుచుకుపోయింది. అప్పుడు డాక్టరమ్మ గొంతు తగ్గించి, మా అత్తమ్మ గడ్డం పట్టుకుని, "నాయనమ్మా, నిన్నేమన. ఒట్టు. జర చెప్పు తల్లీ" అన్నది. అత్తమ్మ భోరుమన్నది. పొద్దుటినుంచి జరిగిందంతా ఏడుస్తూ చెప్పేసింది.

పిల్లల డాక్టరును పరుగున పిలిపించారు. గ్లూకోజు పెట్టారు, పై అంతస్తుకు తీసుకెళ్ళి కామెర్లు తగ్గించే నీలి లైటు కింద పడుకోబెట్టారు. ఆ సాయంత్రం నేను దేవుణ్ణి ప్రార్థించలేదు, దేవుడితో కొట్లాడాను. చీకటి పడేవేళకు పైనుంచి ఏడుపు వినిపించింది. అంత తీయటి ఏడుపు మళ్ళీ నా బతుకులో వినలేదు.

ఆ తర్వాత జరిగిందే నేను చెప్పాలనుకున్న అసలు ముచ్చట. డాక్టరమ్మ వచ్చి, స్టూలు లాక్కుని, మా అత్తమ్మ ఎదురుగా కూర్చుంది. నిన్న ఎంత గట్టిగా అరిచిందో అంత గట్టిగా, వార్డంతా వినేటట్టు, "తప్పు నాది" అన్నది. "నేను తిట్టిన. తిడితె నువ్వెట్ల జెప్తవ్? ఇయ్యాల్టి సంది ఈ వార్డుల ఎవ్వరిని తిట్ట. తేనె పెట్టినా, చక్కెర నీళ్ళు పోసినా, గోలీలు మింగకుండ పారేసినా, నాకైతె చెప్పున్రి. చెప్పినోళ్ళకు ముందుగాల శభాష్ అంట. తప్పొప్పులు ఎన్కనుంచి సూసుకుందాం." మా అత్తమ్మ కంగారుపడి లేచి నిలబడింది. డాక్టరు తన ముందు తప్పొప్పుకోవడం ఆమె కలలో కూడా ఊహించని సంగతి.

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. మేము ఇంకా అక్కడుండగానే వార్డు పద్ధతి మారడం మొదలైంది. "పాలు తాగుతుండా?" అని అడగడం మానిపించింది. "ఆ మాట అడిగితె తాగుతుండనే అంటరు. మర్యాదకంటరు, భయానికంటరు. నా ముందట పట్టు, సూస్త అనాలె" అని సిస్టర్లకు నేర్పింది. "మంచిగున్నవా?" అన్న ప్రశ్న కూడా పోయింది. మనవాళ్ళు రక్తం ధారగా పోతున్నా మంచిగున్న అనే రకం, ఆమెకు తెలుసు. ప్యాడు ఎప్పుడు మార్చావు, తల తిరిగిందా, కళ్ళ ముందు మసకలొచ్చాయా అని ఒక్కొక్కటీ అడిగించేది. డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు తలుపు దగ్గర గుసగుసలాడటం బందు. బాలింత మంచం దగ్గరే నిలబడి, ఆమెకు అర్థమయ్యే తెలుగులో ఒకరికొకరు చెప్పుకోవాలి. చివర్లో బాలింతను, "మేం చెప్పిన దాంట్ల ఏమన్న తప్పున్నదా?" అని అడగాలి. సిస్టర్లు మొదట సిగ్గుపడ్డారు, తర్వాత విసుక్కున్నారు, చివరికి అలవాటుపడ్డారు. కేరళ నుంచి వచ్చిన ఒక సిస్టర్ అయితే అట్లా చెప్పి చెప్పి మా అత్తమ్మ యాసలోనే తెలుగు నేర్చుకుంది.

డిశ్చార్జి రోజు నాటకం నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. జ్వరం వస్తే ఏం చేయాలి, పిల్లాడు పాలు తాగకపోతే ఎప్పుడు తీసుకురావాలి, అన్నీ వివరంగా చెప్పి, డాక్టరమ్మ మా అత్తమ్మను తన కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇప్పుడు నువ్వు డాక్టరమ్మవి, నేను నీ కోడల్ని. నేనేం జెయ్యాల్నో నువ్వు చెప్పు" అన్నది. అత్తమ్మ కాసేపు బిత్తరచూపులు చూసింది. ఏం పూనిందో ఏమో, ఒక్కసారిగా టేబుల్ మీద చరిచి, "ఏందిది? సమజ్ కాదా నీకు? పిలగాడు పాలు తాగకుంటె ఇంట్ల కూసుంటవా? ఉరికి రావాలె!" అని అచ్చం డాక్టరమ్మలాగే గదమాయించింది. సిస్టర్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. తర్వాత పగలబడి నవ్వింది, కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా.

ఆమె దేవత అయిపోయిందని అనుకోకండి. మధ్యమధ్యలో నోరు జారేది. కారిడార్ చివరిదాకా వెళ్ళి, తల కొట్టుకుంటూ వెనక్కి వచ్చి, "నోరు జారింది తల్లీ, మళ్ళ చెప్పు" అనేది. అట్లా వెనక్కి నడిచొచ్చే డాక్టరును నేను ఇంకెక్కడా చూడలేదు. కొత్త సిస్టర్లు చేరినప్పుడల్లా మా అత్తమ్మకు ఫోన్ వచ్చేది. ఈమె ఇస్త్రీ చీర కట్టుకుని బయలుదేరేది. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ముందు పెట్టుకుని ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్ళు. తాను ఎట్లా దాచిందో అత్తమ్మ చెప్పేది. తాను ఎట్లా అరిచిందో డాక్టరమ్మ చెప్పేది, ఒక్క మాట కూడా తగ్గించకుండా. "నా తప్పు నేను చెప్పకపోతె, మీ తప్పులు మీరెట్ల చెప్తరు?" అనేది ఆ కొత్త సిస్టర్లతో.

పోయిన వారం నర్సింగ్‌హోమ్ హాల్లోనే సంస్మరణ సభ పెట్టారు. ఆమె దగ్గరే పని నేర్చుకున్న చిన్న డాక్టరమ్మ ఇప్పుడు అక్కడంతా చూసుకుంటున్నది. చెకప్‌కు వచ్చిన గర్భిణులను వెనక్కి పంపవద్దన్నది కాబట్టి వాళ్ళు కూడా కుర్చీల్లో కూర్చున్నారు. ముందు ఫోటో, దండ, అగరుబత్తులు. మాట్లాడినవాళ్ళందరూ చల్లని తల్లి అన్నారు, కోపమంటే తెలియని మనిషి అన్నారు. కోపమంటే తెలియదా! నేను తల వంచుకుని నవ్వాపుకున్నాను, మళ్ళీ ఏడుపొచ్చింది. తర్వాత మా అత్తమ్మను పిలిచారు.

పోయినామె ఫోటో ముందు నిలబడి ఆ అరుపు సంగతి చెబితే జనం ఏమనుకుంటారు? కొంగు పట్టుకుని, "వద్దత్తమ్మా, మంచిగ జూసిందని చెప్పి వచ్చెయ్" అన్నాను. ఆమె నా చేతిని మెల్లగా విడిపించుకుంది.

"ఈ ముచ్చట మేమిద్దరం కలిసి చెప్పేటోళ్ళం" అని మొదలుపెట్టింది. "సగం నాది, సగం ఆమెది. ఇయ్యాల ఆమె లేదు. ఆమె సగం నేను మింగితె ఆమెకు అన్యాలం జేసినట్టయితది." ఇక అంతా చెప్పింది. తేనె, అరుపు, చక్కెర నీళ్ళు, తన అబద్ధం. స్టూలు లాక్కుని కూర్చుని డాక్టరమ్మ తప్పు నాదన్న సంగతి. చెబుతూ మధ్యలో ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది. "ఆమెకు కోపం మస్తు ఉండె. గా కోపాన్ని మా కోసం మింగింది. అందుకే ఆమె పెద్దది" అని ముగించింది.

అత్తమ్మ తిరిగి వస్తుంటే మేం కూర్చున్న చివరి వరసలోనే నిండు గర్భిణి ఒకతె లేచి నిలబడింది. ఎవరో తెలియదు, చిన్నపిల్ల, మెడలో ఫ్యాక్టరీ కార్డు ఇంకా అట్లాగే ఉన్నది. అత్తమ్మ చేయి పట్టుకుని, పక్కనున్న నాకు మాత్రమే వినపడేంత మెల్లగా, "అమ్మా, నా కడుపుల బిడ్డ నిన్నటిసంది సరిగ్గ కదుల్తలేదు. ఇందాక సిస్టరడిగితె మంచిగనే కదులుతుందన్న. ముందే ఎందుకు రాలేదని తిడ్తరేమోనని" అన్నది.

అత్తమ్మ ఆమె భుజం చుట్టూ చేయి వేసి ఫోటో ముందునుంచే నడిపించుకుంటూ వెళ్ళింది. చిన్న డాక్టరమ్మ అప్పటికే కుర్చీలోంచి లేచింది. ముగ్గురూ లోపలి గదిలోకి వెళ్ళారు. ఆ గదికి తలుపు లేదు, పచ్చటి పరదా ఒక్కటే ఉన్నది. మంచం కిర్రుమన్నది. కడుపు మీద పెట్టి వినే మిషను గరగరలాడింది, ఆగింది, మళ్ళీ గరగరలాడింది. నేను కూర్చోలేక లేచి నిలబడ్డాను, నా పక్కామె కూడా నిలబడింది, ఒక్కొక్కరుగా అందరూ నిలబడ్డారు. మౌనం పాటించమని మాకు ఎవరూ చెప్పలేదు. అప్పుడు పరదా వెనకనుంచి వచ్చింది, కుట్టుమిషను నడిచినట్టు గబగబా, ఆగకుండా, ఒక పసిగుండె చప్పుడు.