గాలివానకు ముందరి చేపలు

ఏ ఊరు వెళ్ళినా హోటల్ బోర్డు మీద 'నెల్లూరు చేపల పులుసు' అని కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దున వండుతారు, మధ్యాహ్నానికి వడ్డిస్తారు. అది పులుసు కాదు, చేపలు వేసిన చారు. మా వైపు చేపల పులుసు ఈ రోజు పొయ్యి మీద నుంచి దించితే రేపు పొద్దున తింటారు. రాత్రంతా మట్టిదాకలో ఊరాలి. చింతపండు పులుపూ మామిడికాయ వాసనా మెంతిపొడి చేదూ ముక్కలోకి దిగాలి. ఆ ఒక్క రాత్రి ఆగలేనివాళ్ళు మా ఊరి పేరెందుకు వాడుకోవాలని హోటల్ వాళ్ళతో పోట్లాటకు దిగిన రోజులున్నాయి. మా పిల్లలు సిగ్గుతో వేరే బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చునేవాళ్ళు.

ఈ పట్టింపు నాకు మా అమ్మ నుంచి వచ్చింది. అల్లూరికి తూర్పున సముద్రం ఒడ్డునే మా పాళెం. ఎవరింట్లో శుభకార్యమైనా పులుసు కాచడానికి అమ్మే వెళ్ళాలి. పందొమ్మిది వందల అరవైల్లో పదేళ్ళూ ఆమె అంతకుముందులాగే గంప నెత్తిన పెట్టుకుని అల్లూరు వీధుల్లో చేపలమ్మింది. అన్నేళ్ళలో ఒక్క ముక్క నోట పెట్టలేదు. ఉప్పు సరిపోయిందో లేదో కూడా నన్నే చూడమనేది. ఆమె ఆఖరుసారి చేప తిన్నది యాభైల చివర్లో, ఒక పొద్దున, పాళెమంతా చుట్టూ నిలబడి చూస్తుండగా. ఆ పొద్దున అంత త్వరగా రావడానికి కారణం నేను. ఇన్నేళ్ళూ ఈ సంగతి అమ్మకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. కార్తీకమాసం. నాయన మరో ముగ్గురితో కలిసి తెప్ప వేసుకుని వేటకు వెళ్ళాడు. ఇంకో తెప్ప మీద ముగ్గురు వెళ్ళారు. వెళ్ళేటప్పటికి సముద్రం నున్నగా, గాలే లేనట్టు ఉంది. రేడియో అనే వస్తువు మా పాళెంలో ఎవరికీ లేదు. మధ్యాహ్నానికి తూర్పున నల్లబడింది. పొద్దుగూకే వేళకు తాటాకు ఇళ్ళు ఒక్కొక్కటే లేచిపోయాయి. మేమంతా వెనక ఉన్న ఇసుక దిబ్బ మీదికి పరిగెత్తి, ఒకరి నడుము ఒకరం పట్టుకుని పడుకున్నాం. తెల్లవారి దిగి వస్తే మా పాళెం ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి గంగమ్మ గుడి గోడలు మాత్రం మిగిలాయి.

నాలుగు రోజుల్లో ఆరుగురు ఒడ్డుకు వచ్చారు. ఎవరూ ప్రాణంతో రాలేదు. ఏడోవాడు మా నాయన. ఆయన రాలేదు.

మా పాళెంలో ఒక కట్టుబాటు ఉండేది. సముద్రంలో పోయిన మనిషి ఒడ్డుకు రాకపోతే ఊరు చేప ముట్టదు. వేటకూ పోదు. ఎందుకో ఎవరూ నోరు విప్పి చెప్పరు, అందరికీ తెలుసు. మన మనిషి ఆ నీళ్ళలోనే ఉన్నాడు, చేపలూ ఆ నీళ్ళలోనే ఉన్నాయి. మళ్ళీ ఊరు చేప తినాలంటే, ఆ మనిషి భార్యో తల్లో ముందు ఒక ముద్ద తినాలి. ఆమె తిన్నదంటే, ఇక అతను రాడని ఒప్పుకున్నట్టు. ఆ తరవాతే అతనికి జరగవలసినవి జరుగుతాయి, తెప్పలు నీళ్ళలోకి దిగుతాయి. ఆమెను తొందరపెట్టే హక్కు పాళెం పెద్దకాపుకు కూడా లేదు.

అమ్మ తినలేదు. "దక్షిణంగా కొట్టుకపోయుంటాడు. పులికాట్ కాడ ఎవురో ఒకరు ఒడ్డుకు చేర్చుంటారు. కాళ్ళు బాగయితే నడిచొస్తాడు," అనేది. మాతో ఉన్న అవ్వ మా నాయన తల్లి. ఆమె అన్న ఒకప్పుడు అట్లాగే ఇరవై రోజుల తరవాత గడ్డంతో తిరిగి వచ్చాడట. అవ్వ ఆ కథ రోజూ చెప్పేది. చెప్పి చెప్పి ఆమెకే నమ్మకం పోయింది. అమ్మకు మాత్రం పోలేదు.

గుడి ముందు ఒకటే పొయ్యి, ఒకటే పెద్ద గుండిగ. పాళెమంతటికీ అందులోనే గంజి. అల్లూరు నుంచి రైతులు ఎడ్లబండి మీద బియ్యం పంపించారు. వాళ్ళ పైరూ నీళ్ళలో పడి కుళ్ళిపోయింది, అయినా పంపించారు. ఆ బండితో వచ్చిన ఒక రైతు ఇంటావిడ ఎప్పుడూ అమ్మ దగ్గరే చేపలు కొనేది. అమ్మ పక్కన కూర్చుని, "మే, మీరు మళ్ళా పట్టినా మా ఇళ్ళల్లో ఇప్పట్లో ఎవురూ కొనరు. మీ మీద కోపం గాదు. గొంతు దిగదు," అంది. అమ్మ తల ఊపింది. ఆవిడ తెచ్చిన మామిడి ఒరుగుల మూట అమ్మ ఒళ్ళో పెట్టి వెళ్ళింది.

గంజిలోకి నంజుకోవడానికి ఎండుచేప ఉండేది. మా ఇళ్ళల్లో ఎండుచేపల కుండను మెడదాకా ఇసుకలో పాతి, మూతికి గుడ్డ కట్టి ఉంచుతారు. ఇళ్ళు పోయినా కుండలు పోలేదు. అవి గాలివానకు ముందు పట్టిన చేపలు. వాటికి ఏ పాపమూ తెలియదు, కాబట్టి తినవచ్చు అని పెద్దకాపు తేల్చాడు. వాటిని అందరూ 'ముందరి చేపలు' అనేవాళ్ళు. రోజుకొక ఇంటివాళ్ళు తమ కుండ తవ్వి, గుడి దగ్గరికి తెచ్చి అందరికీ పంచేవాళ్ళు. మా ఇంటి వంతు వచ్చినప్పుడు అమ్మ సగం కుండ పంచింది. మిగిలిన సగం మళ్ళీ ఇసుకలో పాతేసింది.

ఆ కుండలో ఉన్నవి సావళ్ళు, నాడాలా పొడుగ్గా ఉండే చేపలు. నాయన పట్టి, తనే ఉప్పు పెట్టి ఎండేసినవి. తోక దగ్గరి ముక్క కరకరలాడుతుందని నాకోసం విడిగా తీసిపెట్టేవాడు. అమ్మ రోజుకొక చేప తీసి నిప్పుల మీద కాల్చి, అవ్వకూ నాకూ ఇచ్చేది. తనకు వేళ్ళకు అంటిన ఉప్పే.

మూడు వారాలకు మిగతా ఇళ్ళ కుండలన్నీ అడుగంటాయి. గంజి కూడా పలచబడింది. నాకు ఎప్పుడూ ఆకలే. ఆ వయసులో ఆకలేస్తే ఇంకేమీ కనపడదు. మధ్యాహ్నం పూట అమ్మ నాయనను వెతుకుతూ ఒడ్డు వెంబడి దక్షిణంగా వెళ్ళేది. అవ్వ కునుకు తీసేది. నేను ఇసుక తోడి, గుడ్డ విప్పి, ఒక సావడ తీసుకుని, పచ్చిదే నమిలేదాన్ని. ఉప్పుకు పెదాలు పగిలేవి. కడివెడు నీళ్ళు తాగి, ఇసుక మళ్ళీ సర్దేసి, ఏమీ ఎరగనట్టు అవ్వ పక్కన పడుకునేదాన్ని.

ఒకరోజు అమ్మ అవ్వతో అంటుంటే విన్నాను. "ఈ కుండ అయిపోయే లోపల వస్తాడత్తా. ఆయన పెట్టింది ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఆయనున్నట్టే. అయిపోయేదాకా నన్నేం అడగొద్దు."

ఆ మాట నాకు బాగా అర్థమైంది. చిన్నపిల్లను, అర్థం కాలేదు అని తప్పించుకోవచ్చు. కానీ అది అబద్ధం. రెండు రోజులు ఆ కుండ వైపు వెళ్ళలేదు. మూడో రోజు వెళ్ళాను. నాలుగో రోజు రెండు తిన్నాను. నాయన వస్తాడా రాడా అన్న మాట కంటే ఆ క్షణంలో కడుపే నాకు పెద్దదైంది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఒక ఉదయం అమ్మ కుండలో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పెట్టి అడుగంతా తడిమింది. చెయ్యి బయటికి తీస్తే గోళ్ళకు ఉప్పురవ్వలు మాత్రం అంటుకున్నాయి. నేను తాటి మొద్దు వెనక నిలబడి, ఇప్పుడు వీపు చిట్లిపోతుందని ఎదురుచూశాను. ఆమె నా వైపు చూడలేదు. కుండను ఇసుకలోంచి పెరికి, సముద్రపు నీళ్ళతో కడిగి, ఎండలో బోర్లించింది. తరవాత కొంగు సర్దుకుని పెద్దకాపు దగ్గరికి నడిచింది.

"తెప్పలు దింపండన్నా," అంది.

పెద్దకాపు ముసలాయన. ఆరుగురిని పూడ్చిన చేతులు ఆయనవి. కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకో నాలుగు దినాలు చూద్దామా అమ్మా?" అన్నాడు.

"చాలన్నా. పిల్లలు ఎండిపోతాండారు."

పాళెంలో ఆడవాళ్ళంతా వచ్చి అమ్మ గడ్డం పట్టుకుని ఏడ్చారు. ఎంత గుండె ధైర్యమమ్మా నీకు, ఊరికోసం ఒప్పుకున్నావు అన్నారు. నేను వింటూ నిలబడ్డాను. చెబుదామని రెండుసార్లు అమ్మ కొంగు పట్టుకుని వదిలేశాను.

మర్నాడు మిగిలిన ఒకే ఒక్క తెప్ప మీద ఇద్దరు వెళ్ళి, మధ్యాహ్నానికి పది పన్నెండు కానాగంత చేపలతో వచ్చారు. అవి అందరికీ ఏ మూలకూ చాలవు, మొదటి ముద్దకు చాలు. ఎవరూ వాటిని ముట్టుకోలేదు. అమ్మే కత్తిపీట తెప్పించుకుని, పొలుసు తీసి, కడిగి, ముక్కలు కోసింది. ప్రతి చేప కడుపూ చీల్చేటప్పుడు ఒక్క క్షణం ఆగేది. లోపల ఏముంటుందని వెతికిందో నేను అడగలేదు. ఏమీ లేదు. మామిడికాయల కాలం కాదు గనక రైతు ఇంటావిడ ఇచ్చిన ఒరుగులు నానబెట్టి వేసింది. చింతపండు మాత్రం అవ్వ పిసికింది.

సాయంత్రం దాక దించి, నిప్పులు పక్కకు లాగి, అమ్మ అక్కడే కూర్చుంది. ఇక నావల్ల కాలేదు.

"అమ్మా, కుండలో చేపలు నేనే తిన్నా."

"తెలుసులే."

"రోజూ తిన్నా."

"తెలుసు మే. రోజూ నీ నోరు వాసనొస్తానే ఉండె. ఇసక గూడా సరిగ్గా కప్పేదానివి గాదు."

"మరి కొట్టలా ఎందుకు?"

అమ్మ పుల్లతో బూడిద మీద గీతలు గీసింది. "నువ్వు దొంగతనంగా తినేసి మూతి తుడుచుకోని వస్తాంటే, మీ నాయన నీకు పెట్టి పంపించినట్టు ఉండె. నేను ఒడ్డు మీద ఎంత దూరం తిరిగొచ్చినా, ఇంటికొస్తే ఆయన నీకు అన్నం పెడతానే ఉండాడనిపించేది. ఎట్ట కొట్టేది నిన్ను?"

"నాయన రేపొస్తే?"

"రాడు మే," అంది. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

ఆ రాత్రి పులుసు దాక మీద మూత పెట్టి, పైన రాయి పెట్టి, మేం ముగ్గురం దాని పక్కనే పడుకున్నాం. పులుసు ఊరడానికి ఒక రాత్రి కావాలి గనక అమ్మకు ఇంకొక్క రాత్రి దొరికింది. ఆమె నిద్రపోలేదని నాకు తెలుసు, నేనూ పోలేదు.

పొద్దున పాళెమంతా గుడి ముందుకు వచ్చింది. అమ్మ తలంటుకుని, ఉన్న ఒక్క మంచి చీర కట్టుకుని, నుదుట కుంకుమ ఎప్పటికంటే పెద్దదిగా పెట్టుకుంది. ఆకులో అన్నం, దాని మీద పులుసు, ఒక ముక్క. ముల్లు తీసింది. ముద్ద చేసింది. సముద్రం వైపు చూడలేదు, ముద్ద వైపే చూసింది. నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, మింగింది. గొంతు కదలడం అందరం చూశాం. పెద్దకాపు పైగుడ్డ మొహం మీద కప్పుకున్నాడు.

రెండో ముద్ద నాకు పెట్టింది. "ముల్లుండాదేమో, చూసుకోని నములు," అంది. తరవాత చెంబులో నీళ్ళతో చెయ్యి కడుక్కుని, ఆ తడి చేత్తోనే కుంకుమ తుడిచేసుకుంది. ఇంకెవరినీ దగ్గరికి రానివ్వలేదు. వెనక ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

నేను నములుతున్నాను. పులుసు ముక్క లోపలి దాకా దిగింది. చాలా బాగుంది. ఇంకో ముద్ద కావాలని అడిగాను. పెట్టింది.